గిన్నె చూసి వెన్న చెప్పొచ్చు

(పోయిన ఆదివారం బెంగుళూరు మల్లేశ్వరంలో మన తెలుగువాళ్ళ నెలవారీ కలయికలో ఒక పెద్దాయన మాట్లాడింది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. వినపడకపోతే చెయ్యెత్తమన్నది ఎలా వినపడుతుంది అంటున్నారు ఈయన, నిజమే. సరే, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ముందు ఒక మాట. ఈ టేబుల్ మీద ఉన్న సామాను చూసి చాలామంది ఇందాకే అడిగారు, ఏం సార్ అమ్మకానికా అని. కాదండీ. ఇవన్నీ బటర్ డిష్‌లు, వెన్న పెట్టుకునే గిన్నెలు. పాతవి. కొన్ని మా ఇంట్లో రోజూ వాడేవి, కొన్ని వాడకుండా దాచినవి. ఇటు పక్క ప్లేట్లలో ఉన్నది వెన్న, మూడు రకాలు. దాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, నేను చెప్పినప్పుడు తిందాం. పిల్లలూ, మీక్కూడా అమ్మా.

నేను పాల డెయిరీలో ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నా పని ఏంటంటే వెన్న వాసన చూడటం, నోట్లో వేసుకుని చూడటం, నంబరు వెయ్యటం. నవ్వకండి, నిజంగానే ఉద్యోగం అది. జీతం ఇచ్చి మరీ వెన్న తినిపించారు నాకు. మా ఊరు హిందూపురం పక్కన, మా అవ్వ ఈ మాట వినుంటే ఇంట్లో ఊరికే తిన్నదానికి సర్కారు డబ్బులిస్తోందా అని ఆశ్చర్యపోయేది. గ్రేడింగ్ ఎలా చేస్తారో చెప్తాను వినండి, దాంట్లోనే ఈ రోజు చెప్పదల్చుకున్నది సగం ఉంది. ట్రయర్ అని ఒక పనిముట్టు ఉంటుంది, పొడుగ్గా, సగానికి కోసిన గొట్టంలాగా, స్టీలుది. దాన్ని వెన్న దిమ్మలోకి నిలువుగా దించి ఒక తిప్పు తిప్పి బయటికి లాగితే వెన్న కడ్డీలాగా దాంట్లో వస్తుంది. వచ్చీ రాగానే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. వెంటనే. రెండు నిమిషాలాగితే ఆ వాసన పోతుంది. ఆ తర్వాత ట్రయర్ వెనకవైపు నీటి చుక్కలు ఉన్నాయా చూడాలి. ఆ తర్వాతే నోట్లో. నమలకూడదు, నాలుక మీద పెట్టి అంగిలికి అదిమి కరగనివ్వాలి, కరిగేటప్పుడు ఒక రుచి, కరిగిపోయాక ఇంకో రుచి. మంచి వెన్న అయితే అయిపోయాక నోరు శుభ్రంగా ఉంటుంది. చెడ్డదైతే జిడ్డు పట్టుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు మొదటి ప్లేటు అందుకోండి. తెల్లగా ఉన్నది. ఒక్కొక్కరు గోరంత తీసుకోండి, పక్కవాళ్ళకి కూడా ఉండాలి కదా. ఇది గేదె వెన్న, ఉప్పు లేదు. తెల్లగా ఎందుకుంది? గేదె తిన్న గడ్డిలో ఉండే కెరోటిన్ అనే పసుపు పదార్థాన్ని గేదె ఒంట్లోనే విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది, పాలలోకి రంగు రానివ్వదు. ఆవు అంత పూర్తిగా మార్చుకోదు, కొంత పసుపు పాలలోకి వదిలేస్తుంది. అందుకే రెండో ప్లేటులోది, ఆవు వెన్న, లేత పసుపుగా ఉంది చూడండి. పచ్చగడ్డి బాగా దొరికే రోజుల్లో ఇంకా పసుపుగా వస్తుంది. మన కోలారు, చిక్కబళ్ళాపురం పక్క ఎక్కువగా ఆవుపాలే కాబట్టి ఇక్కడ దొరికే ఉప్పులేని వెన్న ఈ రంగులోనే ఉంటుంది. మూడోది అందరికీ తెలిసిన ప్యాకెట్ వెన్న, ఉప్పుది. దాని ముదురు పసుపు చాలావరకు అనాటో అని ఒక గింజ రంగు, ప్యాకెట్ మీదే రాసుంటుంది, దాచిందేం లేదు.

తిన్నారా? ఏమనిపించింది? మొదటిది కొంచెం గరుగ్గా, రవ్వగా ఉంది అంటున్నారు అక్కడ. సరిగ్గా పట్టుకున్నారు. గేదె పాలలో కొవ్వు బిందువులు పెద్దవి, ఆ కొవ్వు కొంచెం ఎక్కువ వేడికి గానీ కరగదు, అందుకే నోట్లో అంత తొందరగా కరగదు. జొన్నరొట్టె మీదకి అదే బాగుంటుంది, వేడి రొట్టె మీద పెట్టినా వెంటనే కారిపోకుండా ముద్దగా నిలబడుతుంది. బ్రెడ్ మీదకి ఆవుది బాగుంటుంది. ఇది నా అభిప్రాయం, గుంటూరు వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళకి గేదె తప్ప ఇంకోటి పనికిరాదు.

ఇంకో విషయం గమనించండి. ఫారిన్ వాళ్ళు కల్చర్డ్ బటర్ అని గొప్పగా చెప్పుకుని డబల్ రేటుకి అమ్ముతారు చూడండి, మీగడని పులవబెట్టి తీసిన వెన్న. మరి మనం తరతరాలుగా చేస్తున్నదేంటి? పాలు తోడుపెట్టి, పెరుగు చేసి, కవ్వంతో చల్ల చిలికి తీస్తున్నాం. మనది పుట్టుకతోనే కల్చర్డ్. ఆ కమ్మటి వాసనకి డయాసిటైల్ అని పేరు, తోడులో ఉండే సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టు మన పిల్లలు సూపర్ మార్కెట్లో ఆ చిన్న డబ్బా కోసం వెతుకుతున్నారు.

కానీ మన ఇంటి వెన్నకో జబ్బు ఉంది, రెండోరోజుకి పులుస్తుంది, మూడోరోజుకి వాసన. ఎందుకు? వెన్నలో మజ్జిగ మిగిలిపోతుంది కాబట్టి. చిలికాక వెన్న తీసి ఒకసారి నీళ్ళలో ముంచి అయిపోయింది అనుకుంటాం. అవ్వది ఆ పద్ధతి కాదు. బాగా చల్లటి నీళ్ళు పోసి, పిసికి, ఆ తెల్లనీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగేది. ఆ తర్వాత వెన్నముద్దని రాతిచిప్పలో నీళ్ళలో వేసి ఉంచేది, నీళ్ళు రోజూ మార్చేది. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

మరి ప్యాకెట్ వెన్న ఎందుకు అన్ని రోజులుంటుంది? చట్టం ప్రకారం టేబుల్ బటర్‌లో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదు, నీళ్ళు 16 శాతానికి మించకూడదు. ఆ నీళ్ళు చిన్న చిన్న చుక్కలుగా, కంటికి కనపడనంత చిన్నవి, కొవ్వు మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. ఉప్పు కొవ్వులో కరగదు కదా, మొత్తం ఆ నీటి చుక్కల్లోకే పోతుంది. లెక్క వెయ్యండి, నూరు గ్రాముల్లో రెండు గ్రాముల ఉప్పు, 16 గ్రాముల నీళ్ళు. అంటే ఆ చుక్క లోపల ఉప్పు 11 శాతం. ప్రతి చుక్కా ఊరగాయ ఊట అన్నమాట. ఏ పురుగు బతుకుతుంది దాంట్లో? పైగా ఒక చుక్కలో ఉన్న సూక్ష్మజీవి పక్క చుక్కలోకి పోలేదు, మధ్యలో కొవ్వు గోడ. అందుకే వెన్నని ఎంత బాగా పిసికితే, చుక్కలు ఎంత చిన్నవైతే అన్నాళ్ళు ఉంటుంది. కత్తితో కోస్తే కోసినచోట నీళ్ళు చెమర్చాయంటే సరిగ్గా పిసకలేదని అర్థం. ఏ వెన్నైనా సరే, ఇంటికి తెచ్చాక ఇది ఒక్కటి చూడండి.

బెంగుళూరు వాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆడుగోడిలో ఎన్‌డీఆర్‌ఐ, అంటే జాతీయ పాల పరిశోధన సంస్థ, దాని బోర్డు ఎంతమంది చూశారు? బస్సులో పోతూ చూసుంటారు. దాని మూలం 1923లో ఇక్కడ పెట్టిన ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్, మిలిటరీ వాళ్ళ డెయిరీ ఫారాన్ని తీసుకుని మొదలుపెట్టారు. దేశంలో పాల చదువు ఇక్కణ్ణుంచే. 1927లో గాంధీగారు ఆరోగ్యం బాగోక నంది కొండ మీద, తర్వాత ఇక్కడ ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆ ఫారానికి పోయి పశుపోషణ గురించి నేర్చుకున్నారు. తర్వాత్తర్వాత కురియన్ గారు, అమూల్ కురియన్ గారే, అమెరికా పోయే ముందు కొన్ని నెలలు ట్రైనింగ్ అయింది కూడా అక్కడే. ఆయనకి అప్పుడు పాలంటే ఏ ఆసక్తీ లేదని ఆయనే చెప్పుకున్నారు. చూడండి ఎక్కడ మొదలై ఎక్కడ తేలారో. అప్పట్లో దేశంలో వెన్నంటే పాల్సన్. బొంబాయి పార్సీ ఆయన కంపెనీ, గుజరాత్‌లో ఆనంద్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ. ఆ వెన్న పుల్లటి మీగడతో, బాగా ఉప్పేసి చేసింది, జనం నాలుక దానికి అలవాటుపడిపోయింది. అమూల్ వాళ్ళు తాజా మీగడతో వెన్న తీస్తే చప్పగా ఉందన్నారు జనం! తాజాది చప్పగా ఉందన్నారు! చివరికి వీళ్ళూ ఉప్పు వేశారు, రంగు వేశారు. ఈ రోజు మనం వెన్న రుచి అని దేన్నంటున్నామో అది అలా కుదిరిన రుచి. తప్పు అనట్లేదు నేను, మసాలా దోసె మీద అది కరుగుతుంటే నాకూ నోరూరుతుంది. కానీ దాని కింద ఇంకో రుచి ఉంది, దాన్ని మర్చిపోతున్నాం అని అంటున్నాను, అంతే.

బయటి దేశాల సంగతి ఎక్కువ చెప్పను. ఫ్రాన్సులో ఇజిన్యీ అని, షరాంత్ పుయతూ అని కొన్ని వెన్నలకి ఊరి పేరు మీద హక్కు ఉంది, మన బందరు లడ్డుకి ఉన్నట్టే. ఆ పక్క పాలతో చేస్తేనే ఆ పేరు వాడాలి. నాకు మాత్రం ఐర్లండ్‌లో కార్క్ ఊరి కథ ఇష్టం. 1770లో అక్కడి వ్యాపారులు కలిసి వెన్న మార్కెట్ ఒకటి పెట్టుకున్నారు. రైతులు పీపాల్లో తెచ్చిన వెన్నని ప్రతి పీపా తెరిచి, వాసన చూసి, రుచి చూసి, దానికొక గ్రేడు ముద్ర వేస్తేనే ఓడెక్కేది. ఎండ దేశాలకి, వెస్టిండీస్ దాకా పోయేది ఆ వెన్న, దండిగా ఉప్పు పట్టించి. 1924లో మూసేశారు, ఇప్పుడు పక్కనే వెన్న మ్యూజియం ఉంది. మా వృత్తివాళ్ళకి అది తిరుపతి లాంటిది.

సరే, ఇక గిన్నెలు. పిల్లలు అందుకే ఎదురుచూస్తున్నారు.

నేను ఇన్నేళ్ళు వీటిని చూసి తెలుసుకున్నది ఏంటంటే, బటర్ డిష్ అలంకారం కోసం పుట్టిన వస్తువు కాదండీ. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, ఆ వెన్న ఏ ఆకారంలో వచ్చేదో, ఎంత మెత్తగా ఉండేదో, ఉప్పుదా కాదా, ఆ లెక్కనే గిన్నె తయారైంది. గిన్నె చేతికిస్తే అందులో ఏ వెన్న ఉండేదో చెప్పొచ్చు. చూద్దాం రండి.

ఇదిగో, ఇది గుండ్రటిది. గాజుది, అచ్చులో పోసిన గాజు. దీన్ని మొదటి వరసలోంచి పాస్ చెయ్యండి, మూత మీద చెయ్యి వేసి పట్టుకోండి దయచేసి. ఎందుకు గుండ్రంగా ఉంది? ఇంగ్లండ్ పల్లెల్లో వెన్న గుండ్రంగా ముద్ద చేసి అమ్మేవాళ్ళు, పైన చెక్క ముద్ర కొట్టేవాళ్ళు, ఆవు బొమ్మో హంస బొమ్మో పువ్వో. సికమోర్ అనే చెట్టు చెక్క వాడేవాళ్ళు, దానికి వాసన ఉండదు కాబట్టి వెన్నకి అంటదు. ఆ ముద్ర చూసి ఎవరింటి వెన్నో చెప్పేవాళ్ళు. ముద్ద గుండ్రం, కాబట్టి గిన్నె గుండ్రం, మూత ఎత్తుగా, ముద్ర నలగకుండా. మూత ఎత్తు ఎందుకు అంత అనుకున్నారు? అందుకే.

ఇప్పుడు ఇది చూడండి, సన్నగా పొడుగ్గా. అమెరికాది. అక్కడ వెన్న పావు పౌండు కడ్డీలుగా అమ్మడం మొదలైంది, 1900ల మొదట్లో, ఆ కడ్డీ కొలతకే ఈ డిష్. పావు పౌండంటే 113 గ్రాములు. మన నూరు గ్రాముల ప్యాకెట్ మందంగా పొట్టిగా ఉంటుంది కాబట్టి మూత దిగదు, అటొక ముక్క ఇటొక ముక్క కోసి సర్దాలి. ఇక అర కిలో ఇటుకైతే చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి మోజుపడి కొనేవాళ్ళు ముందు స్కేలు తీసుకుని మీ ఇంట్లో వెన్న కొలవండి. ఇది ఎవరూ చెప్పరు.

ఇది మా బంగారం. ఆల్చిప్ప ఆకారంలో వెండిలా మెరుస్తోంది చూశారా. కంటోన్మెంట్ పక్క పాత బంగళాలో సామాను తీసేస్తుంటే వచ్చింది. 1947 తర్వాత ఇక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్ళిపోయాయి కదా, ఫ్రేజర్ టౌన్, రిచ్‌మండ్ టౌన్ ఇళ్ళలోంచి ఇలాంటివి పాత సామాను కొట్లకి చేరాయి. ఇది వెండా? వెనక్కి తిప్పండి. ఈపీఎన్ఎస్ అని నాలుగు అక్షరాలు ఉన్నాయి. లోపల లోహం జర్మన్ సిల్వర్ అంటామే అది, రాగి, జింకు, నికెల్, వెండి చుక్క కూడా ఉండదు. పైన కరెంటుతో వెండి పూత. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో దీనికి పేటెంటు తీసుకున్నారు, దాంతో మధ్యతరగతి ఇళ్ళ టేబుల్ మీదకి కూడా మెరుపు వచ్చింది. అసలు ఇంగ్లీషు వెండైతే నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. ఇప్పుడు లోపల చూడండి, ఈ గాజు గిన్నె. ఎందుకు పెట్టారు? ఎవరైనా చెప్తారా? ఆ అమ్మాయి చెప్పింది, ఉప్పు! శభాష్. ఉప్పు తగిలితే వెండి నల్లబడి గుంటలు పడుతుంది. కాబట్టి ఇది ఉప్పు వెన్న తినే ఇల్లు. గాజు లైనర్ పోయిన డిష్‌లు చవగ్గా దొరుకుతాయి, కొన్నవాళ్ళు తిన్నగా వెన్న పెట్టేస్తారు, కొన్నాళ్ళకి మచ్చలు.

ఇలాంటి వెండి పూత వాటిల్లోనే ఇంకో రకం, గుమ్మటం మూతతో, లోపల చిల్లుల పళ్ళెం ఉంటుంది. నా దగ్గర లేదు, ఉంటే తెచ్చేవాణ్ణి, ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. చిల్లుల కింద ఐసు పెట్టేవాళ్ళు, కరిగిన నీళ్ళు కిందకి పోతాయి, వెన్న పైన. ఫ్రిజ్ లేని రోజుల ఇల్లు అది, ఐసు కొనుక్కునే స్తోమత ఉన్న ఇల్లు.

ఇక ఇది అందరికీ నచ్చుతుంది. పింగాణీది, చూడ్డానికి మామూలు కప్పు, మూత తీస్తే... ఇదిగో, మూతకి లోపల గంటలాగా ఇంకో కప్పు. ఫ్రెంచి వాళ్ళది. వెన్న ఆ గంటలో అదిమి పెట్టి, కింద కప్పులో వేలెడు నీళ్ళు పోసి, బోర్లించడమే. నీళ్ళు తాళం వేసినట్టు గాలి తగలనివ్వవు, వెన్న బయటే మెత్తగా ఉంటుంది. రాతిచిప్పలో నీళ్ళు గుర్తుపెట్టుకోమన్నాను కదా? అదే సూత్రం. అవ్వది తేలే వెన్న, వీళ్ళది వేలాడే వెన్న. అవ్వలాగా రోజూ కాకపోయినా, దీంట్లోనూ నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చాలి. కానీ ఒక హెచ్చరిక, గదిలో వేడి 27, 28 దాటితే ఆ గంట కప్పులోంచి వెన్న జారి నీళ్ళలో పడుతుంది. చెన్నైలో మా తమ్ముడికి ఒకటి ఇచ్చాను, వాడు ఇప్పుడు దాంట్లో స్పూన్లు పెట్టుకున్నాడు.

మన ఊరు మాత్రం వెన్నకి పుట్టినిల్లు అండి. వెన్న బ్రెడ్ మీద చిరగకుండా పరుచుకోవాలంటే 18, 20 డిగ్రీలుండాలి. ఫ్రిజ్‌లో నాలుగైదు. బెంగుళూరు వంటింట్లో సంవత్సరంలో చాలా నెలలు పొద్దున పూట ఆ 20 దగ్గరే ఉంటుంది, మార్చి ఏప్రిల్ వదిలేస్తే. మరి మనం ఏం చేస్తున్నాం? తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాం, మూత లేకుండా, ఆ కాగితం సగం చింపి, సగం కోసిన ఉల్లిపాయ పక్కన. పక్కవాటి వాసన పీల్చుకోవడంలో వెన్నని మించింది లేదు, కొవ్వు కదా. తర్వాత రాయిలాగా ఉన్నదాన్ని కత్తితో గీకి బ్రెడ్డుకి చిల్లు పెట్టి తింటాం. ఏం రుచి తెలుస్తుంది చెప్పండి? చల్లగా ఉంటే సగం రుచి బయటికే రాదు. పాత ఫ్రిజ్‌ల తలుపులో బటర్ అని రాసి చిన్న మూత అర ఉండేది, గుర్తుందా? వేరేగా మూసిపెట్టమని. దాంట్లో మనం ఇన్సులిన్లు, మెహందీ కోన్లు పెట్టుకున్నాం.

నేను చేసేది చెప్తాను. రెండు రోజులకి సరిపడా వెన్న మాత్రం డిష్‌లో, బయట, ఎండ తగలని చోట. మిగతాది ఫ్రిజ్‌లో గట్టిగా చుట్టి. ఉప్పులేని ఇంటి వెన్నైతే బయట పెట్టను, లేకపోతే నీళ్ళ డిష్‌లో, అదీ ఒక్క రోజుకే. వెలుగు కూడా శత్రువేనండోయ్. గాజు డిష్ అందంగా ఉంటుందని కిటికీలో పెడితే పైపొర రంగు తేలిపోయి కొవ్వొత్తి వాసన వస్తుంది. గాజుదైతే అల్మరాలో, పింగాణీదైతే టేబుల్ మీద. డిష్‌లో పాతది కొంచెం ఉండగానే దాని మీద కొత్తది పెట్టొద్దు, కడిగి పెట్టండి.

కొనే సంగతి. బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్క ఆదివారం బజారు తెలుసు కదా, చిక్‌పేట దగ్గర, నేల మీద గోనెపట్టాలు పరిచి అమ్ముతారు. తెల్లారగానే పోవాలి. బటర్ డిష్ అని అడగకండి, అడిగితే రేటు పెరుగుతుంది, పైగా చాలామందికి అదేంటో తెలీదు. ఒకాయన నాకు సబ్బు పెట్టె అని అమ్మాడు, మూతతో సహా 150కి. ఇంట్లో చూస్తే వెనకాల మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్ అని ఉంది, అంటే యుద్ధం తర్వాత జపాన్ అమెరికా చేతిలో ఉన్న రోజులు, ఆ ముద్ర 1952 దాకానే. ఇదిగో, గుడిసె ఆకారంలో ఉన్నది అదే. పైకప్పే మూత.

మూత! వీటిల్లో విలువంతా మూతది. అడుగు పళ్ళెం ఎక్కడైనా దొరుకుతుంది, మూత రోజూ ఎత్తి దించేది కాబట్టి అదే ముందు పగులుతుంది. అందుకని మోసం కూడా మూత దగ్గరే, ఎక్కడిదో మూత తెచ్చి ఇంకో పళ్ళెం మీద పెట్టేస్తారు. ఎలా కనిపెట్టాలి? మూత పెట్టి వేలితో మెల్లగా తిప్పండి. అసలు జత అయితే అంచు పళ్ళెం గాడిలో కూర్చుని చుట్టూ ఒకే సందుతో తిరుగుతుంది. అరువు మూత ఒక పక్క ఎక్కి ఒక పక్క దిగుతుంది, టకటకమంటుంది. తర్వాత రెండిటినీ పక్కపక్కన తెల్ల కాగితం మీద పెట్టి రంగు చూడండి, ఒకటి కాస్త నీలం, ఒకటి కాస్త పసుపు అయితే వేరే వేరే కుండలోంచి వచ్చిన గాజు. ఆ తర్వాత వేలి గోరు మూత అంచు చుట్టూ తిప్పండి, చిన్న పెచ్చు ఊడినా కంటికంటే గోరుకి ముందు తెలుస్తుంది. వాడిన డిష్ అయితే పళ్ళెం మీద కత్తి గీతలు ఉండాలి, అడుగున టేబుల్‌కి రాసుకున్న అరుగుదల ఉండాలి. వందేళ్ళ వస్తువు అని చెప్పి అడుగు కొత్తగా నిగనిగలాడుతోందంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

అమెరికా వాళ్ళ 1930ల రంగు గాజు, గులాబీ రంగుది, ఆకుపచ్చది, డిప్రెషన్ గాజు అంటారు, ఆర్థికమాంద్యం రోజుల్లో చవగ్గా అచ్చు పోసింది. దాన్ని ఇప్పుడు ఎగబడి కొంటున్నారు. వాటికి నకళ్ళు 1970ల నుంచే వస్తున్నాయి, చెర్రీ బ్లాసమ్ అనే డిజైన్‌కి మరీ ఎక్కువ. ఆకుపచ్చ గాజులో కొన్నిట్లో యురేనియం ఉంటుంది, భయపడకండి, కొద్దిగానే. నోట్లు చెక్ చేసే నీలం లైటు ఉంటుంది కదా, చీకట్లో దాన్ని వేస్తే పచ్చగా వెలుగుతుంది. అల్మరాలో పెట్టుకుని చూసుకోవడానికి బాగుంటుంది, నేనైతే దాంట్లో వెన్న పెట్టను. అలాగే పాత పింగాణీ మీద సన్నటి చీలికల వల కనపడితే, లేకపోతే లోపలివైపు రంగులేసిన బొమ్మలుంటే, ఆ మెరుగులో సీసం ఉండొచ్చు, పైగా చీలికల్లోకి కొవ్వు దిగి మక్కువాసన పట్టేస్తుంది. అలాంటివాటిల్లో చిన్న గాజు ప్లేటు పెట్టి దాని మీద వెన్న పెట్టుకోండి.

కడగడం ఒక్క ముక్కలో చెప్తాను. పాత గాజు మీద మరిగే నీళ్ళు పోస్తే ఠప్పుమంటుంది, గోరువెచ్చనివే పోయండి. వెండి పూతదాన్ని చింతపండు పెట్టి తోమకండి, పూత పోయి కింద లోహం బయటపడుతుంది, మెత్తటి గుడ్డ చాలు.

ఇంక నాకిచ్చిన టైము అయిపోయినట్టుంది. ప్రశ్నలు ఉంటే అడగండి.

ఆ, డాక్టరుగారు ముందు వరసలోంచి చెయ్యెత్తారు, నేను అనుకున్నదే. సార్, రోజుకి ఎంత తినొచ్చో మీరే చెప్పాలి, నేను చెప్తే జనం నమ్మరు, మీరు చెప్తే తినరు. నేను తినేది చెంచాడు. కానీ ఆ చెంచాడు మంచిది తింటాను.

ఆవిడ అడుగుతున్నారు, ఫారిన్ వెన్న కొనాలా అని. అమ్మా, కొని ఒకసారి రుచి చూడండి, నాలుకకి తెలుస్తుంది. కానీ అది ఓడలో, గోడౌన్లో, ఫ్రీజర్లో ఎన్ని నెలలు ఉందో. నిన్న చిలికి బాగా కడిగిన మన వెన్న పక్కన పెడితే నేను మనదానికే ఎక్కువ నంబరు వేస్తాను, ఉద్యోగం మీద ఒట్టు.

బాబూ నీ ప్రశ్న? నెయ్యికి కూడా ఇలాంటి డిష్‌లు కలెక్ట్ చేస్తారా అని. చేస్తారు, మన నేతి గిన్నెలు, మూతతో చిన్న చెంచాతో, కంచువీ వెండివీ, అది వేరే పెద్ద కథ. ఇంకోసారి పిలిస్తే వస్తాను.

చివరగా ఒకటి అడుగుతాను, మీరే నాకు సాయం చెయ్యాలి. మా ఇంట్లో మూతల్లేని పళ్ళేలు ఉన్నాయి, పళ్ళెం లేని మూతలూ ఉన్నాయి, ఒక్కటీ ఒకదానికి నప్పదు. ఈ నీలం గీతల పింగాణీ పళ్ళెం చూడండి, గుండ్రంగా, లోపల గాడి కొలత నాలుగుంబావు అంగుళాలు. మీ అత్తగారింట్లోనో పాత ఇంటి అటక మీదో ఇలాంటి నీలం గీతల మూత ఒంటరిగా పడుంటే దయచేసి పారెయ్యకండి. వచ్చే నెల పట్టుకురండి, ఇక్కడే టేబుల్ మీద పెట్టి తిప్పి చూద్దాం. ఈలోపు ఆ రొట్టెలు చల్లారిపోతున్నాయి, రెండో ప్లేటు వెన్న ఇంకా మిగిలింది, లేవండి.